తులాధారుని త్రాసు

దేవాలయమునకు పోవు గృహస్థుడు తన దినములో కొంత వేళను భగవంతునికి అర్పించును. ఉదయమున దీపారాధన, సాయంకాలమున స్వామి దర్శనము, రాత్రి శయనమునకు ముందు నామస్మరణ. మిగిలిన వేళయంతయు పొలమున, అంగడిలో, సంతలో, వంటయింట గడచిపోవును. ఆ మిగిలిన వేళ ఎవరిది? సర్వము విష్ణుమయమని నమ్మినవానికి సంత మాత్రము విష్ణువు లేని చోటు ఎట్లగును? గర్భాలయములో కన్నులు మూసికొని చేతులు జోడించినవాడు, వెలుపలికి వచ్చి మెట్ల మీద బుట్ట పెట్టుకొని కూర్చున్న ముసలితల్లి వద్ద రెండు రూపాయలకు వాదులాడినచో, ఆ దర్శనఫలము ఎంత దూరము నిలిచినట్లు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన పెద్దలు దీనిని ఏనాడో అడిగి, సమాధానమును కూడ చెప్పియున్నారు. ఇచ్చుట, పుచ్చుకొనుట, కొనుట, అమ్ముట కూడ ఆరాధనలో భాగమేయని వారి నిర్ణయము. ఆ నిర్ణయమును నేటి కాలమునకు, మన ఊరి సంతకు, మన జాతరకు ఎట్లు అన్వయించుకొనవలెనో తెలిసికొనుట ఈ పాఠమునకు ఉద్దేశము.

తపస్వికి ధర్మము చెప్పిన వర్తకుడు

మహాభారతమున శాంతిపర్వములో, మోక్షధర్మ ప్రకరణమున, జాజలి తులాధారుల సంవాదము కలదు. భీష్మపితామహుడు ధర్మరాజునకు చెప్పిన కథ యిది. జాజలి మహాతపస్వి. ఆయన కొయ్య వలె కదలక మెదలక నిలిచి తపస్సు చేయుచుండగా జటలలో ఒక పక్షుల జంట గూడు కట్టెను. అవి గ్రుడ్లు పెట్టి, పిల్లలను పొదిగి, ఆ పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోవు వరకు ఆ ముని చలింపలేదు. అంతట తాను ధర్మమును సాధించితినని ఆయన మనస్సున గర్వము పొడసూపెను. అప్పుడొక అశరీరవాణి, వారణాసిలోని తులాధారునకు నీవు సాటి రావని పలికెను.

జాజలి కోపముతో, కుతూహలముతో వారణాసికి పోయెను. అచట తులాధారుడు ఆశ్రమములో లేడు, అంగడిలో ఉన్నాడు. వచ్చిన మునిని చూచి లేచి నమస్కరించి, ఆయన తపస్సు సంగతి, పక్షుల సంగతి తానే ముందుగా చెప్పెను. ఇంతటి జ్ఞానము నీకెట్లు కలిగెనని ముని అడుగగా తులాధారుడు తన వ్యాపారమును గూర్చియే చెప్పెను. తాను సుగంధద్రవ్యములు, రసములు మున్నగు సరకులను ఇతరుల చేతినుండి కొని, కపటము లేక అమ్ముచున్నాననియు, మద్యమును మాత్రము అమ్మననియు, తన త్రాసు ప్రాణులన్నింటి యెడ సమముగా నిలుచుననియు, ఏ ప్రాణికిని ద్రోహము లేకుండ, తప్పనిచో అతి స్వల్ప ద్రోహముతో జీవించుటయే పరమధర్మమనియు అతడు వివరించెను. ఎద్దుల ముక్కులు కుట్టి, మోయలేని బరువులు మోయించి, కొట్టి పని చేయించువారిని అతడు నిందించెను. నాగలి నేలను చీల్చునపుడు నేలలోని ప్రాణులు బాధపడుననియు గుర్తుచేసెను.

ఈ కథలో గ్రహింపవలసిన విషయములు మూడు. మొదటిది సమత్వము. కొనువాడు ధనికుడైనను పేదయైనను త్రాసు ఒక్కటే. రెండవది నిష్కపటము. సరకులోని మంచి చెడ్డలు దాచబడవు. మూడవది అల్పహింస. బ్రతుకుటకై ప్రకృతినుండి తీసికొనుట తప్పదు గాని, ఆ తీసికొనుటలో మితము ఉండవలెను. నేడు లోకమున న్యాయవర్తకమనియు, ప్రకృతికి చేటు చేయని జీవనమనియు చెప్పుకొనబడుచున్న రెండు మాటలును తులాధారుని నోట ఒక్క మాటగా వెలువడినవి.

గోకులము నేర్పిన మర్యాద

భాగవత దశమస్కంధమున పండ్లమ్ము స్త్రీ కథ అందరికిని తెలిసినదే. పండ్లు కొనుడని ఆమె కేక విని బాలకృష్ణుడు దోసిట ధాన్యము పట్టుకొని పరుగెత్తెను. చిన్ని చేతులనుండి గింజలు దారిపొడవున జారిపోయెను. మిగిలిన నాలుగు గింజలను చూచియు ఆమె ఆయన చేతుల నిండ పండ్లు పెట్టెను. ఆమె బుట్ట రత్నములతో నిండెను. రత్నముల ముచ్చటలో మనము ఒక సంగతిని మరచుచుందుము. సర్వలోకములకు ప్రభువైనవాడు పండ్లను ఊరక అడుగలేదు, లాగికొనలేదు. ధాన్యము తీసికొని పోయెను. శ్రమజీవికి వెల ఇచ్చి సరకు గొనవలెనను మర్యాదను పసివాడై యుండియు పాటించెను.

గోవర్ధనోద్ధరణ కథయు ఇట్టిదే. ఎక్కడనో యున్న ఇంద్రునికై ఏర్పాట్లు చేయుచున్న నందాదులతో కృష్ణుడు, మనలను బ్రతికించుచున్నవి ఈ కొండ, ఈ అడవి, ఈ గోవులని చెప్పి, వానిని పూజింపుడనెను. తనకు దగ్గరగా ఉండి తనను పోషించుచున్నదానిని గౌరవించుట ఆ పూజలోని సారాంశము. తన ఊరి నేలను, నీటిని, తన ఊరి చేతిపనిని మరచి దూరపు వస్తువుల మెరుపునకు లొంగినవాడు గోవర్ధనపూజను చేసినను దాని భావమును చేయనివాడే యగును.

సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును ఉపదేశించుచు మరింత కఠినముగా పలికినాడు. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంత మాత్రమే మానవునకు స్వంతము. అంతకు మించి తనదియని పట్టుకొనువాడు దొంగతో సమానుడు. లేళ్లు, ఒంటెలు, గాడిదలు, కోతులు, ఎలుకలు మున్నగు జంతువులను సైతము బిడ్డలవలె చూడవలెనని ఆ ఉపదేశము. దీనిని విన్న గృహస్థునకు తన బీరువావైపు, తన పెరటిలోని చెత్తకుప్పవైపు చూపు మరలక మానదు.

హరిదాసులు నడచిన నేల

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని హాలహర్వి కలదు. ఇది మండల కేంద్రము. ఈ మండలము మీదుగా వేదవతి, అనగా హగరి, తుంగభద్రను కలియుటకు సాగిపోవును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. అందుచే ఇచట తెలుగు, కన్నడము అక్కచెల్లెండ్రవలె ఒకే ఇంట వినవచ్చును.

ఈ సీమ హరిదాసుల పాదధూళిచే పవిత్రమైనది. హాలహర్వికి పొరుగుననే యున్న చిప్పగిరిలో విజయదాసులవారు తమ కడపటి సంవత్సరములు గడపి, 1755లో కార్తీక శుద్ధ దశమినాడు హరిపదము చేరిరి. ఏటేట ఆనాడు అచట ఆరాధన జరుగును. తుంగభద్రాతీరమున మంత్రాలయములో శ్రీరాఘవేంద్రతీర్థులు 1671లో బృందావన ప్రవేశము చేసిరి. శ్రావణమాసమున అచట ఆరాధనోత్సవములు, ఆ మాసముననే ఉరుకుందలో నరసింహ ఈరన్నస్వామి ఉత్సవములు జరుగును. ఆదోనిలో రణమండల ఆంజనేయుని కొండకు భక్తులు ఎక్కుచుందురు.

విజయదాసులవారు తమకు గురువుగా భావించిన పురందరదాసులవారు పూర్వాశ్రమమున గొప్ప వర్తకుడని సంప్రదాయము చెప్పుచున్నది. నగల వ్యాపారము, తాకట్టు వ్యాపారము చేసి అపారమైన ధనము కూడబెట్టిన లోభి ఆయన. ఒక పేద బ్రాహ్మణుడు సహాయమడిగి పలుమార్లు తిరుగగా చెల్లని నాణెములు చూపి పంపివేసెను. ఆ బ్రాహ్మణునకు ఇల్లాలు తన ముక్కుపుడక నిచ్చెను. అది తిరిగి తన అంగడికే అమ్మకమునకు వచ్చుట చూచిన వర్తకునకు కన్నులు తెరచుకొనెను. ఆ వచ్చినవాడు విఠలుడేయని తెలిసికొని సర్వస్వమును విడిచి హరిదాసుడాయెను. గమనింపదగిన విషయమేమన, భగవంతుడు ఈ వర్తకుని పరీక్షించుటకు ఆలయమునకు రప్పింపలేదు. అంగడికే వచ్చెను. వర్తకుని భక్తి తేలునది వాని అంగడిలోనేయని ఈ కథ తెలుపుచున్నది.

తువ్వాలు ధరలో ఎందరు?

ఈ ప్రాంతమున నల్లరేగడి నేల విస్తారము. ప్రత్తి, జొన్న, శనగ, వేరుసెనగ, కంది, మిరప ఇచటి పంటలు. ఆదోని ప్రత్తి మార్కెట్టు రాష్ట్రములో పేరుగాంచినది. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన పొలములు కొన్ని, ఆకాశము వైపు చూచు పొలములు పెక్కు. వాన తప్పిన ఏట ఆదోని డివిజను పల్లెలలోని కుటుంబములు ఇంటికి తాళము వేసి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు మిరపచేలకు, ఇతర ప్రాంతముల ప్రత్తిచేలకు కూలికి పోవుట వాడుక. దీనిని ఇచటివారు సుగ్గికి పోవుట యందురు. సుగ్గికి పోయిన ఇంటి పిల్లకు ఆ నెలలలో బడి లేదు, ఆ ఇంటి ముసలివారికి తోడు లేదు, ఆ ఇంటి దేవుని గూటిలో దీపము లేదు.

ఒక తువ్వాలు మన భుజముపై ఉన్నదనుకొందము. దాని ధరలో ఎందరున్నారు? ప్రత్తి విత్తి, కలుపు తీసి, పురుగుతో పోరాడిన రైతు ఉన్నాడు. కాయలు ఏరిన కూలిస్త్రీ ఉన్నది. మూటలు మోసిన హమాలీ ఉన్నాడు. గింజ తీసినవారు, నూలు వడికినవారు, రంగు అద్దినవారు ఉన్నారు. నేతయింట ఆసు పోసిన అత్త, కండెలు చుట్టిన కోడలు ఉన్నారు. గుంటమగ్గముపై కూర్చుండి పడుగులో పేకను నడిపిన నేతగాడు ఉన్నాడు. పేరు ఒకనిదైనను ఆ వస్త్రము ఒక కుటుంబపు పని. కొనువాడు ఇరువది రూపాయలు తగ్గించుమని పట్టుబట్టినపుడు, ఆ ఇరువది రూపాయలు దళారి లాభమునుండి తగ్గవు, మిల్లు లాభమునుండి తగ్గవు. అడుగుటకు శక్తి లేనివాని కూలినుండియే తగ్గును. సుగ్గికి పోవు బండిలో ఆ ఇరువది రూపాయలు ఎక్కి కూర్చుండును.

ఎమ్మిగనూరు చూపిన మార్గము

ఈ అన్యాయమునకు విరుగుడు వెదకినవారు ఈ సీమలోనే కలరు. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున చేనేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. ఆ కాలమున నేతగాడు నూలుకై షావుకారును ఆశ్రయింపవలెను. అప్పుగా తెచ్చిన నూలును నేసి, అదే షావుకారునకు ఆయన చెప్పిన ధరకు వస్త్రము అప్పగింపవలెను. అప్పు తీరదు, మగ్గము ఆగదు, కడుపు నిండదు. సహకార సంఘము ఈ గొలుసును తెంచుటకు పుట్టినది. సంఘమే నూలు తెచ్చి సభ్యునకిచ్చును. నేసిన వస్త్రమునకు నిర్ణయించిన మజూరీ చెల్లించును. అమ్మకపు భారమును సంఘము వహించును. లాభము వచ్చినచో అది వాటాదారులైన నేతగాండ్రదే. ఎమ్మిగనూరు పేరు చేనేతలోకమున దూరదేశములకు ప్రాకుటకు ఈ సంఘమే కారణము.

తరువాతి దశాబ్దములలో మరమగ్గముల పోటీ వలన, నూలు ధరల ఒడుదుడుకుల వలన దేశమంతట చేనేతకు కష్టకాలము వచ్చినది. కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించు చట్టము 1985లో వచ్చినను మరమగ్గపు గుడ్డ చేనేత పేరిట అమ్ముడుపోవుట ఆగలేదు. అందుచే కొనువాని బాధ్యత పెరిగినది. 2006లో ప్రవేశపెట్టబడిన చేనేత గుర్తు అసలు వస్త్రమును గుర్తించుటకు సహాయపడును. 1905 ఆగష్టు 7న ఆరంభమైన స్వదేశీ ఉద్యమమునకు స్మారకముగా 2015 నుండి ప్రతి సంవత్సరము ఆగష్టు 7 జాతీయ చేనేత దినముగా జరుపబడుచున్నది. ఆనాడు నేతయూళ్లలో జరుగు ప్రదర్శనములకు పిల్లలతో పోయి, మగ్గము ముందు ఒక గడియ కూర్చుండి, నాడె ఎన్నిమారులు అటునిటు పోయిన ఒక బెత్తెడు గుడ్డ యగునో లెక్కింపజేయుట మంచి పాఠము. ఆ లెక్క తెలిసిన బిడ్డ పెరిగి పెద్దయైన పిమ్మట నేతగానితో బేరమాడునపుడు నాలుక కొంత తడబడును.

లోకమున ఇదే మాట

ఇతర దేశములందును ధర్మబుద్ధి గలవారు ఈ దారినే నడచిరి. 1946లో అమెరికాకు చెందిన ఎడ్నా రూత్ బైలర్ అను గృహిణి, ప్యూర్టోరికో దీవిలోని పేద స్త్రీలు కుట్టిన వస్త్రములను తెచ్చి, తన కారులో పెట్టుకొని తిరిగి, ఇరుగుపొరుగువారికి అమ్మి, ఆ పైకమును వారికి చేర్చుటకు పూనుకొనెను. 1988లో హాలండు దేశమున, కాఫీ పండించు చిన్నరైతులకు తగిన వెల చెల్లించితిమని తెలుపు ముద్ర వాడుకలోనికి వచ్చినది. 2000లో ఇంగ్లండులోని గార్‌స్టాంగ్ అను చిన్న పట్టణము తన్ను తాను న్యాయవర్తక పట్టణముగా ప్రకటించుకొనెను. ప్రతి సంవత్సరము మే నెల రెండవ శనివారమున ప్రపంచ న్యాయవర్తక దినము జరుపబడును. ఫెయిర్ ట్రేడ్ అని వారు పిలుచు ఈ విధానములోని నియమములు మనకు పరాయివి కావు. పనికి తగిన కూలి, బాలల చేత వెట్టి చేయింపకుండుట, స్త్రీ పురుషుల మధ్య వ్యత్యాసము చూపకుండుట, నేలను నీటిని చెరుపకుండుట, లెక్కలను బహిరంగముగా ఉంచుట. వీనిలో తులాధారుడు కాదనునది ఏదియును లేదు.

తెలుగునేలపైననే చూడదగిన ఉదాహరణములు పెక్కు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున పస్తాపురము కేంద్రముగా 1983లో ఆరంభమైన దక్కను అభివృద్ధి సంస్థకు చెందిన మహిళా సంఘములు రెండు దశాబ్దములకు పైగా పాతపంటల జాతర జరుపుచున్నవి. సంక్రాంతి తరుణమున ఎడ్లబండ్లను అలంకరించి, కొర్ర, సామ, జొన్న, పెసర, అలసంద మున్నగు పాతవిత్తనములను కుండలలో నింపి, ఊరూర త్రిప్పి, రైతులకు చూపి, వాని గుణములు చెప్పుదురు. విత్తనము చేతులు మారును, జ్ఞానము చేతులు మారును. ఈ సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము లభించినది. అక్షరము రాని తల్లులు విత్తనమును దేవతవలె కాపాడుట చూచి లోకము నమస్కరించినది.

రాయలసీమలోనే, పూర్వపు అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ అను సంస్థ ఎండిన కొండలను పచ్చబరచి, 2008లో ధరణి అను రైతు సహకార సంఘమునకు ఊతమిచ్చినది. మందులు వేయక పండించిన చిరుధాన్యములను, వేరుసెనగను రైతులే కూడి శుభ్రపరచి అమ్ముదురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26న ఆరంభమైన రైతు బజారులు దళారి లేకుండ రైతును, కొనువానిని ఎదురెదుట నిలిపినవి. 2016 నుండి ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమును పల్లెపల్లెకు తీసికొనిపోవుటకు పూనుకొన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించుటతో మన తాతల జొన్నరొట్టెకు, కొర్రన్నమునకు మరల గౌరవము దక్కినది.

దేవస్థానములును ఈ ధర్మమును గుర్తించినవి. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానము గో ఆధారిత వ్యవసాయమున పండిన ధాన్యముతో శ్రీవారికి నైవేద్యము సమర్పించు కార్యక్రమమును ఆరంభించెను. 2022 జూన్ 1 నుండి తిరుమలలో ప్లాస్టిక్ నిషేధము అమలులోనికి వచ్చినది. స్వామికి సమర్పించు గింజ ఏ నేలలో, ఏ విధముగా పండినదను విచారము పూజలో భాగమేయని ఈ కార్యములు చాటుచున్నవి.

ఒక సందేహము

ఇచట ఒక గృహస్థునకు న్యాయమైన సందేహము కలుగవచ్చును. నా సంపాదనయే స్వల్పము, నలుగురు పిల్లలను పోషింపవలెను, ఎక్కువ వెల పెట్టి చేనేత వస్త్రమును, మందు వేయని ధాన్యమును నేనెట్లు కొనగలను? ధర్మము ధనికులకేనా?

ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. శక్తికి మించిన దానము శాస్త్రసమ్మతము కాదు. కుటుంబమును పస్తు పెట్టి చేయు పుణ్యము పుణ్యము కాదు. అయితే న్యాయవర్తకమనగా ఎక్కువ వెల పెట్టుట మాత్రమే కాదు. నాలుగు నాసిరకపు చీరలకు బదులు రెండు గట్టి చీరలు కొనుట న్యాయవర్తకమే. పండుగకు అవసరము లేని వస్తువు కొనకుండుట న్యాయవర్తకమే. నేతగానికి, కుమ్మరికి, కూరగాయలమ్మకు బాకీ పెట్టకుండ ఆనాటి పైకము ఆనాడే ఇచ్చుట న్యాయవర్తకమే. పెండ్లికి వస్త్రములు తెచ్చి పైకము దీపావళికి ఇచ్చెదమనువారు ఆ మధ్య నేతగాడు ఏ షావుకారు వద్ద ఏ వడ్డీకి అప్పు చేసెనో ఆలోచింపరు. వీనికి ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. కుచేలుడు తెచ్చినవి పిడికెడు అటుకులు. వాని వెనుకనున్న మనస్సును చూచి స్వామి మెచ్చినాడు.

మరియొక హెచ్చరికయు అవసరము. సంఘమను పేరు గలది ప్రతియొక్కటియు న్యాయమైనది కాదు, సహజమని వ్రాసినది ప్రతియొక్కటియు సహజమైనది కాదు. భక్తి పేరిట మోసము జరుగునట్లే ధర్మవర్తకము పేరిటను మోసము జరుగును. సభ్యుల యెదుట లెక్కలు చదువు సంఘమును, తన పొలమును చూడ రమ్మని పిలుచు రైతును, ధరలో ఎవరికెంత పోవునో అడిగినచో చెప్పగల విక్రేతను నమ్మవచ్చును. అడిగినపుడు కోపగించువానిని విడువవలెను.

గృహస్థులకు కొన్ని నియమములు

ఆరాధనలకు, జాతరలకు, సంతలకు పోవు కుటుంబములు ఈ క్రింది నియమములను యథాశక్తి పాటింపవచ్చును.

1. యాత్రకు బయలుదేరునపుడు గుడ్డసంచి, రాగిచెంబు వెంట తీసికొనవలెను. ప్రసాదము విస్తరాకులో, ఆకుదొన్నెలో స్వీకరింపవలెను. ప్లాస్టిక్ సంచిని, పాతబట్టను తుంగభద్రలో గాని, వేదవతిలో గాని విడువరాదు. నదిని తల్లియని పిలిచి ఆమె ఒడిలో చెత్త వేయుట తగదు.

2. హుండీలో వేయదలచిన దానిలో కొంత భాగమును, ఆ క్షేత్రముననే చేతిపనివారి వద్ద కావలసిన వస్తువును న్యాయమైన వెలకు కొనుటకు వినియోగింపవచ్చును.

3. బేరము ఆడినను, అమ్మువాని ముఖము చూచి ఆడవలెను. పొరపాటున ఎక్కువ చిల్లర వచ్చినచో వెనుకకు మరలి ఇచ్చివేయవలెను.

4. వర్తకులైన భక్తులు వారమునకు ఒకమారు తమ కాటాను తామే పరీక్షించుకొనవలెను. తరుగు పేరిట రైతు గింజను మితము మీరి తీయుట దేవుని నైవేద్యమునుండి తీయుటయే.

5. పక్షమునకు ఒకమారైన జొన్న, కొర్ర, సజ్జలతో వంట చేసి, ముందుగా ఇంటి దేవునికి నివేదింపవలెను. ఆ ధాన్యమును సాధ్యమైనంత వరకు పండించినవాని వద్దనే కొనవలెను.

6. చేనేత ప్రదర్శనము, విత్తనముల జాతర, రైతుల సంత సమీపమున జరుగునపుడు చూచి వచ్చుటతో తృప్తి పడక, అరపూట సేవ చేయవలెను. బల్లలు వేయుట, నీరందించుట, లెక్క వ్రాయుట, దూరమునుండి వచ్చిన నేతయింటి వారికి బస చూపుట, వారి పిల్లలకు అన్నము పెట్టుట, ఇవియన్నియు కైంకర్యములే.

7. దేవాలయ ధర్మకర్తలు ఉత్సవమునకు వస్త్రములు, ధాన్యము, బెల్లము కొనునపుడు ముందుగా తమ ఊరి పరిసరములలోనివారిని విచారింపవలెను. ఉత్సవప్రాంగణమున స్థానిక చేతిపనివారికి, చిన్నరైతులకు నాలుగు పందిళ్లు బాడుగ లేక ఇచ్చినచో స్వామికి అది పుష్పాలంకారముకన్న తక్కువ కాదు.

హాలహర్వి వంటి ఊరిలో పది కుటుంబములు ఈ నియమములను చేపట్టినయెడల, సుగ్గి బండ్లన్నియు ఆగిపోవునని ఎవరును అనరు. వాన, నీరు, పరిపాలన అను పెద్ద విషయములు ఉండనే యున్నవి. అయినను ఒక ఇంటి తాళము తెరచియే యుండవచ్చును. ఒక పిల్ల ఆ ఏడు బడి మానకుండ ఉండవచ్చును. ఒక దేవుని గూటిలో దీపము వెలుగవచ్చును. ఆ ఒక్క దీపమునకు మన తువ్వాలు వెలలోని ఇరువది రూపాయలు నూనెయైనచో అంతకన్న ఫలము ఏమి కావలెను?

రెండు త్రాసులు

ఆలయములలో తులాభారమను మ్రొక్కు కలదు. బిడ్డను ఒక తట్టలో కూర్చుండబెట్టి, రెండవ తట్టలో బియ్యము, బెల్లము, నాణెములు పోసి స్వామికి సమర్పింతురు. సత్యభామ తన నగలన్నియు పోసినను తూగని స్వామి రుక్మిణీదేవి పెట్టిన తులసీదళమునకు తూగెనని జనశ్రుతి. ఆ త్రాసును చూచినపుడు మన కన్నులు చెమర్చును.

ఆలయములోని త్రాసు, అంగడిలోని త్రాసు వేరు కావు. ఒకదానిలో మనము బెల్లము పోసి స్వామికి నమస్కరింతుము. రెండవదానిలో తోడిమానవుని శ్రమను పోసి తూచుచున్నాము. మొదటిదానిపై స్వామి దృష్టి ఉన్నదని నమ్మినవారు రెండవదానిపై లేదని ఎట్లు అనుకొనగలరు? జాజలి ఎంతో కాలము కదలక నిలిచి నేర్వలేని ధర్మమును తులాధారుడు త్రాసు చేత పట్టుకొని నేర్చినాడు. ప్రతి గృహస్థుని ఇంటను, ప్రతి సంతసంచిలోను ఆ త్రాసు కలదు. దానిని సమముగా పట్టుకొను బుద్ధిని శ్రీమన్నారాయణుడు ఎల్లరకు ప్రసాదించుగాక.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.